తోడు పెట్టిన నీళ్ళు

ముప్పై రెండేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి, పద్యపాదాలకు గణవిభజన చేయించినవాణ్ణి. పదవీ విరమణ తరువాత గణాలు పోయి ఘనపు మీటర్లు వచ్చి నా నెత్తిన కూర్చుంటాయని కలలో కూడా అనుకోలేదు. చమురు శుద్ధి కర్మాగారం నుంచి వచ్చే మురుగునీటిని సూక్ష్మజీవులతో ఎన్ని విధాలుగా శుభ్రం చేయవచ్చును, ఏ విధానానికి ఎంత ఖర్చు అన్నది ఒక తెలుగు పండితుడు వ్రాయదగిన విషయమా అని మీరు నవ్వుకోవచ్చును. నేనూ మొదట నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో చెప్పడానికే ఈ టపా. కొంచెం పొడుగైనది. మిత్రులు ఓపిక చేసుకుని చదవగలరు.

మా రాంగోపాల్‌పేటలో ఉన్నవారికి మురుగునీటి వాసన కొత్త కాదు. సేఠ్ రాంగోపాల్ కట్టించిన గడియారపు గోపురం గల పాత ఠాణా దాటి, రాణిగంజ్ మీదుగా నల్లగుట్ట వైపు నడిస్తే హుస్సేన్ సాగర్ వస్తుంది. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువు అది. ఒకప్పుడు జనం ఆ నీళ్ళు త్రాగారు. తరువాత కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ వచ్చి దానిలో కలిశాయి. వాటిలో కూకట్‌పల్లి నాలా ఇళ్ళ మురుగుతో పాటు దశాబ్దాల తరబడి పరిశ్రమల వ్యర్థజలాన్ని కూడా మోసుకొచ్చింది. ఉదయపు నడకలో గాలి అటునుంచి ఇటు తిరిగితే నేను ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంటికి మరలేవాణ్ణి. అంతకు మించి ఆ నీటిని గురించి ఏనాడూ ఆలోచించలేదు. ముక్కు మూసుకోవడమే నాకు తెలిసిన శుద్ధి విధానం.

ఇంతకీ అసలు విషయం. మా మేనల్లుడు రసాయన ఇంజనీరు. చమురు శుద్ధి కర్మాగారాలలో మురుగునీటి విభాగాలను గుత్తకు తీసుకుని నడిపే ఒక సంస్థలో ఉద్యోగం. క్రిందటి ఏడాది వేసవిలో నాకు నలభై పేజీల దస్త్రం ఒకటి పంపాడు. "మామయ్యా, మా దగ్గర పనిచేసే ఆపరేటర్ల కోసం తెలుగులో చిన్న పుస్తకం వేయిస్తున్నాను. ఇంగ్లీషులో నేను వ్రాసినదాన్ని ఒకరిచేత తెలుగు చేయించాను. భాష కాస్త దిద్దిపెట్టండి" అన్నాడు. మూడు రోజుల పని అనుకుని సరేనన్నాను. మూడు నెలలు పట్టింది.

మొదటి పేజీలోనే "ఉత్తేజిత బురద" అన్న మాట కనిపించింది. వెంటనే ఫోను చేశాను.

"ఒరేయ్, బురదకు ఉత్తేజమేమిట్రా? ఎవరు చేశారు ఈ తెలుగు?"

"ఆ బురదలోనే ఉంది మామయ్యా మొత్తం కథ" అన్నాడు. ఆ రోజు గంటసేపు నాకు పాఠం చెప్పాడు. నా జీవితంలో విద్యార్థి స్థానంలో అంత బుద్ధిగా కూర్చున్నది చాలా కాలం తరువాత అదే.

అతడు చెప్పినది నాకు అర్థమైనంతలో చెబుతాను. ముడిచమురును శుద్ధి చేసే ముందు దానిలోని ఉప్పును నీటితో కడుగుతారు. తరువాత ఆవిరి పట్టించి మరిగిస్తారు. ట్యాంకుల అడుగున నీరు చేరుతుంది. ఇవన్నీ కలిసి చమురు నీరవుతాయి. కొన్ని విభాగాల నుంచి వచ్చే నీటిలో హైడ్రోజన్ సల్ఫైడు, అమోనియా దట్టంగా ఉంటాయి. ఆ నీటిని ముందుగా ఆవిరితో విడిగా శుభ్రపరుస్తారు. తక్కిన నీటిని పొడవాటి తొట్లలో మెల్లగా పారనిస్తే తేలికైన నూనె పైకి తేలుతుంది. దానిని గీకి తీసివేస్తారు. తేలని సన్నని నూనె తుంపరలకు పటిక వంటి మందు కలిపి, అడుగు నుంచి సన్నని గాలి బుడగలు వదులుతారు. బుడగలు ఆ తుంపరలను పట్టుకుని పైకి తెస్తాయి.

"ఇంతటితో నీళ్ళు శుభ్రమైనట్టే కదా?" అన్నాను.

"కంటికి మాత్రమే" అన్నాడు. పైకి తేలేదీ, అడుగుకు దిగేదీ పోయిన తరువాత నీటిలో కరిగిపోయి ఉన్నది మిగులుతుంది. ఫినాలు, బెంజీను, అమోనియా, సల్ఫైడ్లు. వీటిని గరిటెతో తీయలేము, గుడ్డతో వడకట్టలేము. చౌకగా తీయగలిగేది ఒక్క సూక్ష్మజీవే. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఒకటున్నది. ఫినాలు అంటే కార్బాలిక్ ఆమ్లమే. 1865లో జోసెఫ్ లిస్టర్ గాయాలు కుళ్ళకుండా సూక్ష్మజీవులను చంపడానికి వాడిన మందు అదే. అదే విషాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేస్తే కొన్ని సూక్ష్మజీవులు ఆహారంగా తింటాయి. మోతాదు మించితే చస్తాయి. కథలో ఈ ముక్కను గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తెలుగునాట ఈ పరిశ్రమ పాతదే. విశాఖపట్నంలో కాల్టెక్స్ వారి శుద్ధి కర్మాగారం 1957లో మొదలైంది. 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైంది. ఏడాదికి 83 లక్షల టన్నుల స్థాయికి ఎదిగిన దానిని 150 లక్షల టన్నులకు పెంచే విస్తరణ కూడా చేపట్టారు. కోనసీమలో తాటిపాక దగ్గర ఓఎన్‌జీసీ వారి చిన్న కర్మాగారం ఉన్నది. దాని స్థాయి ఏడాదికి 66 వేల టన్నులు. పెద్దదైనా చిన్నదైనా బయటికి వదిలే నీటికి కేంద్రప్రభుత్వపు నియమం ఒకటే. 2008లో సవరించిన ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో నూనె 5 మిల్లీగ్రాములకు, ఫినాలు 0.35 మిల్లీగ్రాములకు, సల్ఫైడ్లు అర మిల్లీగ్రాముకు మించరాదు. బీఓడీ 15 దాటరాదు. బీఓడీ అంటే నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు అవసరమో చెప్పే కొలత. ఎంత ఎక్కువైతే నీరు అంత మురికి అన్నమాట. వెయ్యి టన్నుల ముడిచమురు శుద్ధి చేస్తే మొత్తం మీద 2 కిలోలకు మించి నూనె నీటితో పోరాదని ఇంకొక కట్టడి. ఈ రెండూ కలిపి లెక్క తిప్పితే టన్నుకు 400 లీటర్ల నీరు. ఎక్కువ నీళ్ళు కలిపి పలుచన చేసి తప్పించుకుందామంటే కుదరదు. పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళ సంగతి ఎరిగినవాళ్ళే ఆ నియమం వ్రాసి ఉంటారు.

ఇక విధానాలూ ఖర్చులూ. పుస్తకంలో ఒక పెద్ద పట్టిక ఉన్నది. నాకు పట్టిక ఎక్కలేదు. నల్లబల్ల మీద లెక్క చేస్తే తప్ప తలకెక్కని తరం మాది. అందుకని ఒక ఊహా కర్మాగారాన్ని తీసుకుని మేనల్లుడి చేత లెక్క చేయించాను. గంటకు 300 ఘనపు మీటర్లు, అంటే రోజుకు 7,200 ఘనపు మీటర్ల నీరు. లీటరుకు 200 మిల్లీగ్రాముల బీఓడీ. మొత్తం రోజుకు 1,440 కిలోల మలినం. కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకున్నాము. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవేనని మరచిపోవద్దు.

మొదటిది పచ్చి చెరువు పద్ధతి. లోతు తక్కువగా చెరువులు తవ్వి నీరు నిలబెడితే ఎండా గాలీ నాచూ సూక్ష్మజీవులూ కలిసి పని చేసిపెడతాయి. కరెంటు దాదాపు అక్కరలేదు. కాని మన ఎండలలో కూడా హెక్టారు చెరువు రోజుకు సుమారు 200 కిలోల మలినాన్నే భరించగలదు. మన లెక్కకు 7.2 హెక్టార్లు, అంటే ఇంచుమించు 18 ఎకరాలు కావాలి. ఊరికి దూరంగా బంజరు భూమి ఉన్నచోట ఇంతకంటె చౌక లేదు. రేవు పట్టణంలో 18 ఎకరాలంటే ఇంతకంటె ఖరీదైనదీ లేదు.

రెండవది గాలి ఊదే తొట్టి. మన "ఉత్తేజిత బురద" ఇదే. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు దీనిని లోకానికి చెప్పారు. మురుగునీటికి గాలి పట్టించగా అడుగున దిగిన మడ్డిని పారబోయకుండా, కొత్త నీటికి మళ్ళీ కలుపుతూ పోతే వారాలు పట్టే శుద్ధి గంటలలో జరిగిందని వాళ్ళు కనుగొన్నారు. వాళ్ళకు దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ తరువాత మన బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడుగా వచ్చాడు. ఈ పద్ధతిలో మన లెక్కకు 3,840 ఘనపు మీటర్ల తొట్టి చాలు. నాలుగున్నర మీటర్ల లోతు తీస్తే ఎకరంలో అయిదోవంతు. 18 ఎకరాల పని అయిదోవంతు ఎకరంలో! మడ్డి దిగే తొట్లు కలుపుకున్నా అర ఎకరంలో సరిపోతుంది.

మిగిలిన పదిహేడున్నర ఎకరాల బాకీ కరెంటు తీర్చాలి. మలినానికీ, లీటరుకు 20 మిల్లీగ్రాముల అమోనియాకూ కలిపి రోజుకు సుమారు 2,400 కిలోల ప్రాణవాయువు కావాలి. పైన తిరిగే చక్రాలతో నీటిని చిలికితే 2,000 యూనిట్లు, అంటే 16,000 రూపాయలు. అడుగు నుంచి సన్నని బుడగలు వదిలే గొట్టాలైతే 1,200 యూనిట్లు, 9,600 రూపాయలు. రోజుకు 6,400 తేడా ఏడాదికి 23 లక్షలు దాటుతుంది. మరి అందరూ బుడగలే ఎందుకు పెట్టరు? ఆ రబ్బరు పొరల రంధ్రాలు పూడిపోతాయి, నూనె తగిలితే పాడవుతాయి, మార్చడానికి తొట్టి ఖాళీ చేయాలి. చక్రం ఆగితే పైనే కనబడుతుంది. బుడగ ఆగితే అడుగున ఉంటుంది.

మూడవది రాళ్ళ మీదనో ప్లాస్టిక్ పలకల మీదనో నీటిని చిలకరించే పద్ధతి. ఆ రాళ్ళకు పాచిలాగా పట్టిన సూక్ష్మజీవులు జారిపోతున్న నీటిలోని మలినాన్ని తింటాయి. నీటిని పైకి తోడడానికే కరెంటు. మన లెక్కకు 450 యూనిట్ల దాకా. అయితే ఇది ఒక్కటే 15 బీఓడీ దాకా తేలేదు. అందుకని చాలాచోట్ల దీనిని ముందు నిలబెట్టి, వెనుక గాలి తొట్టి కడతారు. ముందు వరుసలో దెబ్బలు కాచుకునే సిపాయి ఇది.

ఒకే తొట్టిలో నింపడం, గాలి ఊదడం, తేర్చడం, తేట తీయడం వంతులవారీగా చేసే ఎస్‌బీఆర్ ఉన్నది. స్థలం కలిసివస్తుంది, కాని కవాటాలన్నీ వేళకు తెరచుకుని మూసుకోవాలి. నార్వేలో 1980లలో పుట్టిన ఎంబీబీఆర్ ఉన్నది. చిన్నచిన్న ప్లాస్టిక్ చక్రాలు నీటిలో ఈదుతుంటాయి, వాటికి సూక్ష్మజీవులు పట్టుకుని కాపురముంటాయి. పాత తొట్టికే బలం పెంచాలంటే ఇది సుళువు. ఇక పొరలతో వడకట్టే ఎంబీఆర్. తొట్టి మూడోవంతుకు తగ్గుతుంది, నీరు అద్దంలా వస్తుంది. ఘనపు మీటరుకు అర యూనిట్ అదనమనుకున్నా రోజుకు 3,600 యూనిట్లు, 28,800 రూపాయలు. కొన్నేళ్ళకొకసారి పొరలు మార్చే ఖర్చు వేరు. నూనె చుక్క తగిలితే పొరలు మూసుకుపోతాయి. కాని ఆ నీటిని మరొకసారి వడపోసి కర్మాగారంలోనే వాడుకోవచ్చును. కొనే నీరు ఘనపు మీటరుకు 50 రూపాయలై, సగం నీరు తిరిగి దక్కితే రోజుకు 1,80,000 రూపాయల నీరు. వడపోత ఖర్చులు తీసివేసినా నీటి కరువున్న ఊళ్ళో ఖరీదైన పద్ధతే చౌకగా తేలవచ్చును.

గాలి అక్కరలేని సూక్ష్మజీవులతో నడిచే పద్ధతి మన ఊళ్ళోనే ఉన్నది. మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల ఇళ్ళ మురుగుకు అటువంటి కేంద్రం కట్టారు. కరెంటు తక్కువ, పైగా వంటగ్యాసు వంటి వాయువు వస్తుంది. మరి చమురు నీటికి అది ఎందుకు పెట్టరని అడిగాను. ఆ సూక్ష్మజీవులకు చిక్కని తిండి కావాలట, ఈ నీరు పలుచన. పైగా సల్ఫైడ్లకు అవి త్వరగా నీరసిస్తాయట.

ఏ పద్ధతిలోనైనా చివరకు కొంత మడ్డి మిగులుతుంది. మన గాలి తొట్టి లెక్కలో పిండిన తరువాత కూడా రోజుకు దాదాపు మూడు టన్నులు. నూనె అంటిన మడ్డిని ప్రమాదకర వ్యర్థంగా చూసి, విశాఖ దగ్గర పరవాడలోనో మన దగ్గర దుండిగల్‌లోనో ఉన్నటువంటి ప్రత్యేక స్థలాలకు లారీలలో పంపి భద్రపరచాలి. దానికీ డబ్బు.

లెక్కంతా అయ్యాక నాకు ఒక్కటే తోచింది. ఖర్చు ఎక్కడికీ పోదు, చోటు మారుతుంది అంతే. భూమిగానో, కరెంటుగానో, పొరలుగానో కట్టి తీరాలి. ఏదీ కట్టకపోతే ఆ బాకీ నాలాలో పడి, మా నల్లగుట్ట దాకా వచ్చి, నా ఉత్తరీయానికి అంటుకుంటుంది. పటాన్‌చెరు నక్కవాగు ఒడ్డు రైతులు ఆ బాకీని పొలాలతో కట్టారు. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

"పట్టిక బాగున్నది. కాని ఒరేయ్, భూమీ కరెంటూ యంత్రాలూ ఉన్నాయి. దీనిలో మనిషి వరుస ఏది?" అన్నాను. ఊరికే అడిగాను. పండితుడి చాదస్తం, పట్టికలో ఖాళీ కనబడితే పూరించమనడం.

ఫోనులో చాలాసేపు మాట లేదు. తరువాత చెప్పాడు.

ఆ పుస్తకం వేయించడానికి కారణం ఉన్నది. అతడు అంతకు ముందు పనిచేసిన ఒకచోట, ఊరు పేరు చెప్పనని మాట ఇచ్చాను, ఒక రాత్రి షిఫ్టులో శ్రీకాకుళం జిల్లా కుర్రవాడు ఒకడు ఉన్నాడు. గుత్త కూలీ. పదవ తరగతి చదివాడు. పెట్రోలును కడిగిన కాస్టిక్ ద్రావణం, ఫినాళ్ళతో సల్ఫైడ్లతో నిండినది, విడిగా ఒక ట్యాంకులో ఉన్నది. దానిని చుక్కచుక్కగా మాత్రమే వదలాలని గోడమీద బోర్డు ఉన్నది. ఇంగ్లీషులో ఉన్నది. ట్యాంకు నిండుతున్నదని పైనుంచి కేక రాగానే కుర్రవాడు కవాటం పూర్తిగా త్రిప్పాడు. తెల్లవారేసరికి గాలి తొట్టి మీద తెల్లని నురగ. గోధుమరంగు మడ్డి బూడిదరంగైంది. తేట రావలసిన చోట కుడితి నీళ్ళు వచ్చాయి. తినవలసిన విషం మోతాదు మించి, తినేవన్నీ చచ్చాయి.

అప్పుడు మూడు వారాలు యాతన పడ్డారట. నీటిని అత్యవసర ట్యాంకులలో నిలవబెట్టి, ఆవుపేడ కలిపి, మరొక కేంద్రం నుంచి టాంకర్లతో బ్రతికి ఉన్న మడ్డి తెచ్చి పోసి, మళ్ళీ చుక్కచుక్కగా ఫినాలు అలవాటు చేశారు. సన్నని బుడగలతో ఏడాదంతా మిగిలిన సొమ్ము ఆ మూడు వారాలలో పోయింది. కుర్రవాణ్ణి మరునాడే పనిలోంచి తీసివేశారు.

"ఆ బోర్డు వ్రాసింది నేనే మామయ్యా" అన్నాడు మా మేనల్లుడు.

నా నవ్వు ఆగినది ఇక్కడ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం మేనల్లుడి బోర్డు కాదు, నేను దిద్దిన ప్రతి. అప్పటికే పదిహేను పేజీలు దిద్దాను. "ఉత్తేజిత బురద" కొట్టివేసి "చైతన్యవత్పంకము" అన్నాను. గాలి తొట్టిని "వాయుపూరణ తటాకము" చేశాను. నూనె తేల్చే తొట్టి "తైలవిభాజక కుల్య" అయింది. వ్రాసుకుని మురిసిపోయాను కూడా. ఆ కుర్రవాడు పదవ తరగతి తెలుగులో అత్తెసరు మార్కులతో గట్టెక్కి ఉంటాడు. అటువంటి పిల్లలను ముప్పై రెండేళ్ళు చూశాను. నా సమాసాలను కంఠతా పట్టి, ఒక్క ముక్క అర్థం కాక, పరీక్షలో వ్రాసి మరచిపోయినవాళ్ళు. నా ప్రతి ఆ గోడమీద ఉన్నా అతడు ఆ కవాటం అలాగే త్రిప్పి ఉండేవాడు. అర్థం కాని బోర్డు ఏ లిపిలో ఉంటేనేమి?

దసరాకు మేనల్లుడి దగ్గరికి వెళ్ళాను. అనుమతి తీసుకుని, తలకు టోపీ పెట్టి, నా చెప్పులు విడిపించి బరువైన బూట్లు తొడిగించి, ఇప్పుడు అతడు పనిచేసే చోట గాలి తొట్టి చూపించాడు. ముక్కు మూసుకోవడానికి ఉత్తరీయం సిద్ధం చేసుకున్నాను. అవసరం రాలేదు. తొలకరికి తడిసిన మట్టి వాసన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న తొట్టికి గుర్తు అదేనట. అక్కడి ఆపరేటరు ఒకాయన లీటరు గాజు కొలపాత్రలో ఆ గోధుమరంగు నీరు పోసి బల్ల మీద పెట్టి, "అరగంట ఆగండి మాస్టారూ" అన్నాడు. అరగంటలో మడ్డి అడుగుకు దిగి పైన తేట నిలిచింది. ఎంత దిగిందో చూసి, దిగినదానిలో కొంత మళ్ళీ తొట్టిలోకి పంపాలో, ఎంత బయటికి తీయాలో నిర్ణయిస్తారు. ఆ తిరిగి పంపేదానికి నేను పెట్టిన పేరు "పునఃప్రేషిత పంకము". చదివి వినిపించాను.

ఆయన మర్యాదగానే విన్నాడు. తరువాత మెల్లగా అన్నాడు: "మా యమ్మ పెరుగు తోడెట్టినట్టే గదండీ ఇది. నిన్నటిది కొంచెం దాచి ఇవాళ్టి పాలల్లో ఎయ్యడం. తోడంటే అయిపోద్ది గదండీ."

తోడు! మాంచెస్టరు వాళ్ళు 1914లో కనిపెట్టినది మన వంటింట్లో రోజూ రాత్రి జరుగుతున్న పని. నేను నిఘంటువులన్నీ తిరగేశాను గాని మా ఇంటావిడ గిన్నెలోకి చూడలేదు.

ఆ తరువాత మాటలు వాటంతట అవే వచ్చాయి. అక్కడున్న నలుగురు ఆపరేటర్లే చెప్పారు, నేను వ్రాసుకున్నాను. పైకి తేలిన నూనె మీగడ. పైన నిలిచేది తేట. పాలు మరీ వేడిగా ఉంటే తోడు చస్తుంది కాబట్టి నలభై డిగ్రీలు దాటిన నీరు తొట్టిలోకి పంపరాదు. పులుపు ఎక్కువైతే విరుగుతుంది కాబట్టి ఆమ్లం చూసుకోవాలి. ఈ నీటిలో నత్రజని దండిగా ఉంటుంది గాని భాస్వరం ఉండదట. అందుకని పొలానికి చల్లే డీఏపీయే ఇక్కడా వేస్తారు. రైతు ఇంటినుంచి వచ్చిన ఆపరేటరుకు అది వివరించనక్కరలేకపోయింది. ఏరేషన్ ట్యాంకు, బ్లోయరు, వాల్వు మాత్రం అలాగే ఉంచమన్నారు. "అవి మాకు వచ్చినవే గదండీ" అన్నారు. నా వాయుపూరణ తటాకాన్ని అక్కడే ఆ తొట్టిలో కలిపి వచ్చాను.

కాస్టిక్ పేజీ చివర ఇలా వ్రాశాము: "తోడు చచ్చిపోతుంది. ఈ వాల్వు పావు తిప్పు కంటె ఎక్కువ తిప్పవద్దు. పైనుంచి ఎవరు కేక వేసినా ముందు షిఫ్టు ఇంజనీరుకు ఫోను చేయాలి. ఫోను చేసినందుకు ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు." ఆఖరి వాక్యం పుస్తకంలో ఉండితీరాలని నేను పట్టుబట్టాను. దాని క్రింద సంతకం చేయమని మేనల్లుణ్ణి అడిగాను. చేశాడు. పట్టికకు కూడా ఒక వరుస చేర్చాము. ప్రతి పద్ధతికి ఎదురుగా, దానిని నడపడానికి మనిషికి ఏమి తెలియాలి, ఎంత కాలం నేర్పాలి అని. పచ్చి చెరువుకు తక్కువ, ఎంబీఆర్‌కు ఎక్కువ. కాగితం మీద చౌకగా కనబడినవి కొన్ని ఆ వరుస చేరగానే ఖరీదైనాయి.

సంక్రాంతికి ముందు పుస్తకం అచ్చయి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా కుర్రవాడి ఊరికి మేనల్లుడు ఒక ప్రతి, దానితో పాటు ఒక ఉత్తరం పంపాడు. ఇంతవరకు జవాబు లేదు. రాకపోవచ్చును కూడా. పంపవలసిన వాడు పంపాడు, అంతే.

ఉదయపు నడక ఇప్పటికీ రాణిగంజ్ మీదుగానే. పంపులూ మోటార్లూ కవాటాలూ అమ్మే ఆ దుకాణాల ముందు ఇదివరకు పరధ్యానంగా పోయేవాణ్ణి. ఇప్పుడు ఒక బ్లోయరు కనబడితే ఆగి, ఇది ఎన్ని ఎకరాలకు బదులు పనిచేస్తుందో లెక్క వేసుకుంటాను. దుకాణదారు కొనేవాడిననుకుని ఆశగా లేస్తాడు. నాలా దగ్గర గాలి తిరిగితే ఉత్తరీయం ఇప్పటికీ ముక్కు దగ్గరికే పోతుంది. కాని అది ఎవరో కట్టకుండా వదిలిన బాకీ వాసన అని తెలిసింది. అదొక్కటే తేడా.

అన్నట్టు, బ్లాగ్మిత్రులకు ఒక విన్నపం. ఒక్కొక్కప్పుడు మడ్డి ఉబ్బి, దూదిలాగా తేలికై, ఎంతసేపు ఆగినా అడుగుకు దిగదట. ఇంగ్లీషులో దానిని "బల్కింగ్" అంటారు. చచ్చినట్టు కాదు, విరిగినట్టు కాదు. పెరుగు తోడుకోకుండా సాగుతూ తీగలుగా వచ్చే స్థితి వంటిది. దానికి మాట దొరకక పుస్తకంలో "బల్కింగ్" అనే ఉంచాము. రెండవ కూర్పులో మార్చాలని ఆశ. నిఘంటువులు వెదకవద్దు. దయచేసి ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, పెరుగు అలా అయితే మీ వైపు ఏమంటారో వ్యాఖ్యలో వ్రాయగలరు.